ఆ బండి ఎవరు నడిపిండ్రు

లాబీల సంతకం పెట్టి, మీసాలకు బొగ్గు వాసనతోని
కాజీపేట క్వార్టర్ మెట్లెక్కేసరికి పొద్దున తొమ్మిదిన్నర.
మా ఇంట్ల అప్పటికే బడి.
గంట లేదు, హాజరు లేదు.
గిన్నె నిండ ఉడకబెట్టిన పల్లీలు,
ఒక ప్రార్థన,
ఎవరో చదివి చదివి అట్ట ఊడిన పుస్తకం.

కరుణామణి తొమ్మిదేండ్లు ప్రైవేటు బళ్లె సోషల్ చెప్పింది.
"తారీఖులు మింగిచ్చి మింగిచ్చి
పిల్లలకు అజీర్తి చేసిన" అంటది.
ఇంట్ల చదివి ఏమైతరని సంఘపెద్దలు అడిగితే
"ఏమైతరో దేవునికెరుక, మనుషులైతే సాలు" అన్నది.
ఇప్పుడు మా కెజియాకు, నతానియేలుకు
యుద్ధమంటే కారణాలు ఐదు, ఫలితాలు ఆరు కాదు.
కందకపు బురదల పాదాలు కుళ్లిన పిలగాడు
తల్లికి రాసుకున్న ఉత్తరం.
చెరుకు తోటలకని ఓడెక్కిన కూలి
ఏ సముద్రంల తన ఊరి పేరు మర్సిపోయిండో, ఆ కథ.
పిల్లలు గట్టిగ చదువుతరు. మధ్యల ఆపి
"ఈడ నువ్వుంటే?" అంటది మణి.
జవాబు తను చెప్పదు.
పల్లీలు ఒలుస్తది.

హాలు గోడకు పాత టైంటేబుల్ కాయితాలు తిరగేసి అతికిచ్చి
వందేండ్లు గీసిండ్రు.
పద్నాలుగు ఫ్రిజ్ మీద మొదలైతది,
నలభై ఐదు బాత్రూం కాడికి వస్తది.
ఎవరన్న తలుపు తీస్తే దేశ విభజన దాని ఎనక పడుతది.
నలభై ఎనిమిది కింద నతానియేలు రాసిండు:
"మా బాపమ్మ జొన్నచేన్ల దాక్కున్న ఏడు."
ఆ పక్కకే, వంకర అక్షరాలల్ల,
ఆజంజాహి మిల్లుల మా నాయిన అతికిన దారం
నిజం దారమే, గమ్ముతోని.

ఆ పొద్దు నేను ఉప్మా తింటున్న.
కెజియా చదువుతున్నది:
సీలేసిన వ్యాగన్, లోపల మంది,
ఒక చిన్నపిల్ల పలకల సందుల నుంచి మంచు గీరి
నాలుక మీద పెట్టుకున్నది.
చదువుడు ఆపి నా దిక్కు చూసింది.
"డాడీ, ఆ బండి ఎవరు నడిపిండ్రు?"

ఇరవై రెండేండ్ల సర్వీసుల
నన్నెవరు అడగని ప్రశ్న.
"తెల్వది బిడ్డా."
"ఎనక ఏమున్నదో ఆయనకు ఎరుకేనా?"
నాకు కాయితం ఇస్తరు. వ్యాగన్లెన్ని, బరువెంత, బ్రేకు పవరెంత.
ఆయనకు గూడ ఇచ్చే ఉంటరు.
లెక్క ఉంటది, పేర్లుండయి.
పచ్చ సిగ్నల్ పడ్తది. బండి టైముకు పోతది.
"ఆయన ఆదివారం చర్చికి పోయెటోడా?" నతానియేలు.

మణి పల్లీలు ఒలుసుడు ఆపలే. నన్ను కాపాడలే.
"పోయెటోడే కావచ్చు" అన్న.
"పాటలు గూడ బాగనే పాడెటోడు కావచ్చు."
ఉప్మా సల్లవడ్డది.
ఫ్యాను గాలికి గోడ మీద కాయితాలు
ఒకసారి లేసి మల్ల పడుకున్నయి.
ఆ దినం ముగింపు ప్రార్థన కెజియాది.
మాకు ఏదీ కావాల్నని అడగలే. చానసేపు ఊకున్నది.
నేనే ఆమెన్ అన్న, తొందరపడి.

రాత్రి డ్యూటీ రామగుండంల.
యాభై ఎనిమిది వ్యాగన్లు, బొగ్గు.
బొగ్గేనని నాకు ఎరుకే.
అయినా టార్చి పట్టుకొని కంకర మీద నడుసుకుంట
ఒక్కో వ్యాగన్‌ను చేత్తోని తట్టుకుంట పోయిన.
గార్డు ఎదురొచ్చి అడిగిండు:
"ఏం ఎతుకుతున్నవ్ యిర్మయ్యన్నా?"
"ఏం లే, మా బిడ్డ హోంవర్కిచ్చింది."
నవ్విండు. నేను గూడ నవ్విన.
ఇంక పదకొండు వ్యాగన్లున్నయి, తట్టిన.

సిగ్నల్ పడ్డది.
సీట్ల కూసోని దాని దిక్కే చూసిన, కొంచెంసేపు.
ఆలస్యమెందుకైందని కంట్రోలోడు అడిగిండు.
కారణం రాసే గడి చిన్నగుంటది.
ఏం రాయాల్నో తోచలే.